ఇంటిపెద్ద కాలమ్ తీసేసిన ఆదివారం

మా ఆసుపత్రి కంప్యూటర్‌లో పెళ్లయిన ప్రతి ఆడమనిషీ ఇద్దరు. ఒకరు తండ్రి కూతురు, ఇంకొకరు భర్త భార్య. ఇద్దరికీ పేరు ఒక్కటే, ఒళ్లు ఒక్కటే, రక్తం ఒక్కటే. అయినా కంప్యూటర్ లెక్కలో వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు ఎరగని పరాయివాళ్లు. నేనూ అందులో ఇద్దరినే. సోంపేట దగ్గర జీడితోటల మధ్య పుట్టిన కూతురొకతె, టెక్కలిలో కాపురముంటున్న కోడలొకతె. కూతురికి చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి తగ్గింది. కోడలికి ఆ సంగతే తెలియదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కనబడితే, మీ సర్వీసులో అన్నిటికన్నా పెద్ద పని ఏమిటండీ అని అడుగుతుంటారు. తుఫానులో మిషన్లు తడిసిపోయాయనో, రాత్రింబవళ్లు మేలుకున్నామనో చెబుతానని ఎదురుచూస్తారు. ఒక పట్టికలోంచి ఒక కాలమ్ తీసేశాం అని చెబుతాను. వాళ్ల మొహాలు కాస్త వాడిపోతాయి. అంతేనా అంటారు. అంతే. కాకపోతే కూర్చోండి, చెబుతాను.

మాది టెక్కలికీ పలాసకీ మధ్య, క్రైస్తవ సంఘం వాళ్లు నడిపే చిన్న ఆసుపత్రి. నేను టైపిస్టుగా చేరాను. తొంభైల చివర్లో కంప్యూటర్లు వచ్చినప్పుడు, టైపు వచ్చిన దానివి నువ్వే కదా అని నన్ను వాటి ముందు కూర్చోబెట్టారు. విశాఖపట్నం నుంచి ఒక ప్రోగ్రామర్ వచ్చి, మీ పద్ధతి ఎలా ఉందో అచ్చం అలాగే చేసిస్తాను అన్నాడు. మాటకు కట్టుబడే మనిషి, అలాగే చేసిచ్చాడు.

మా పద్ధతి కుటుంబ కార్డు. పైన ఇంటిపెద్ద పేరు, ఆయనకో నంబరు. కింద భార్య, పిల్లలు, ముసలివాళ్లు, వరసగా ఒకటి, రెండు, మూడు. అంటే మనిషికి సొంత నంబరు లేదు. ఫలానా ఇంటిపెద్ద కార్డులో మూడో మనిషి, అదే ఆమె గుర్తు. కంప్యూటర్‌లోనూ అంతే. రోగుల పట్టికలో ఇంటిపెద్ద నంబరుకి ఒక కాలమ్, వరసకి ఒక కాలమ్. రక్తపరీక్షల పట్టిక, మందుల పట్టిక, కాన్పుల పట్టిక, మూడూ ఆ రెండు అంకెల్నే పట్టుకుని వేలాడుతుండేవి. ఆ పట్టుకోవడానికే ఫారిన్ కీ అని పేరు. ఈ పరీక్ష ఎవరిదో ఆ మనిషి రోగుల పట్టికలో ఉండి తీరాలి, లేని మనిషికి పరీక్ష రాయనివ్వను, ఉన్న మనిషిని చెరపనివ్వను అని డేటాబేస్ వేసే ముడి అది.

నాతో పనిచేసేవాడు ఒక్కడే. ఇచ్ఛాపురం నుంచి వచ్చాడు, కంప్యూటర్ డిగ్రీ చదివాడు. వాళ్లమ్మతో ఫోన్లో ఒరియా, మాతో తెలుగు, కంప్యూటర్‌తో ఇంగ్లీషు, మూడూ ఒకే వేగంతో మాట్లాడేవాడు. నన్ను అక్కా అనేవాడు. తెలివైనవాడు, తొందర ఎక్కువ. నాకు తెలివి సంగతేమో గానీ నిదానం ఎక్కువ. ఇద్దరం కలిస్తే ఒక మంచి ఉద్యోగి అవుతామని మా డాక్టరమ్మ అనేది.

ఒక వానాకాలం పొద్దున, సంతబొమ్మాళి తీరం నుంచి మత్స్యకారుల ఇంటి అమ్మాయి ఒకామె వచ్చింది. ఏడో నెల. వెంట అత్తగారు. మొగుడు వేటకని గుజరాత్ వెళ్లి ఉన్నాడు. రక్తం పరీక్ష చేస్తే నెగెటివ్ గ్రూపు. నెగెటివ్ తల్లికి మొదటి కాన్పు అయిన వెంటనే ఒక ఇంజక్షన్ ఇవ్వాలి. ఇవ్వకపోతే రెండో బిడ్డకు ప్రమాదం. అందుకని డాక్టరమ్మ మొట్టమొదట అదే అడిగింది.

"తొలి కాన్పు ఎక్కడమ్మా?"

"ఇక్కడేనమ్మా."

"కాన్పయ్యాక ఇంజక్షన్ ఇచ్చారా?"

"ఇచ్చినారు గావాలమ్మా. శానా ఇచ్చినారు. ఏది దేనికో నాకేటి తెలుసు?"

చీటీ మా గదికి వచ్చింది. మేం వెతికాం. కంప్యూటర్ ఆ అమ్మాయి మా ఆసుపత్రికి రావడం ఇదే మొదటిసారి అంది. అత్తగారు గుమ్మంలోనే నిలబడి విన్నది.

"ఇదేటమ్మా, మా కోడలు ఆ కిటికీ కాడ మంచం మీదే పురుడోసుకుంది. మీ మేట్రనమ్మే బిడ్డని నా సేతికిచ్చింది. మాకందరికీ గేపకముంది. ఆ పెట్టికి నేదేటి?"

సంగతి నాకప్పుడు తట్టింది. తొలి కాన్పు పుట్టింటివాళ్ల బాధ్యత కదా. తండ్రి కార్డు మీద వచ్చి ఉంటుంది. ఇప్పుడు వచ్చింది మొగుడి కార్డు మీద. తండ్రి పేరు అడిగాం. ఆ పేరు గలవాళ్లు ఆ తీరంలో పల్లెకు పదిమంది. ఒక్కో కార్డూ తెరిచి చూశాం, ఎక్కడా లేదు. మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టేశారు. ఆ అమ్మాయి మా గది బయట బల్ల మీద కూర్చుని వాన చూస్తూ, ఉన్నట్టుండి అత్తగారితో అంది.

"అత్తా, అప్పటికి మా తాత బతికున్నాడు కదా. పెద్ద మా అయ్య కాదేమో."

తాత పేరు మీద దొరికింది. ఏడో వరస. మనవరాలు. కాన్పైన మర్నాడు ఇంజక్షన్ ఇచ్చినట్టు స్పష్టంగా ఉంది. నేను చీటీ తీసుకుని వరండాలో దాదాపు పరుగెత్తాను. డాక్టరమ్మ చదివి, కుర్చీలో వెనక్కి వాలి, కళ్లజోడు తీసి తుడుచుకుంది. తర్వాత ఆ అమ్మాయి కడుపు మీద చెయ్యి వేసి, ఏం పర్లేదమ్మా, హాయిగా అన్నం తిని వెళ్లు అంది.

సాయంత్రం డాక్టరమ్మ మా గదికే వచ్చింది. అంతకు ముందు ఎప్పుడూ రాలేదు.

"ఆ అమ్మాయిని ఒక్క మనిషిని చెయ్యండి," అంది.

"ఆమెను ఒక్కదాన్నేనా అమ్మా?" అన్నాను.

"అందర్నీ."

అప్పుడు మేట్రన్ అడ్డం వచ్చింది. పలాస పక్క పల్లెలో పుట్టి, ఈ ఆసుపత్రిలోనే నర్సింగు నేర్చుకుని, ఇక్కడే జుట్టు నెరిసిన మనిషి. కుటుంబ కార్డులంటే ఆమెకు ప్రాణం.

"ఇంటిపెద్ద పేరు తీసేత్తే ఎవరెవరి మడుసులో నాకెలాగ తెలుత్తాది? నేను కార్డు సూసి ఇంటిల్లిపాదినీ పలకరిత్తాను. ముసలోడికి దగ్గు తగ్గిందా, సిన్నోడు బడికెల్తన్నాడా అని. ఇప్పుడు ఎవరికాళ్లు ఒంటరోళ్లయిపోతారేటి?"

ఆమె మాటలో తప్పు లేదు. డాక్టరమ్మ కూడా కాదనలేదు. కుటుంబానికి వేరే పట్టిక ఉంటుంది, ఎవరు ఏ ఇంటివాళ్లో అందులో చూసుకోవచ్చు, ఇల్లు మారితే అక్కడ మార్చుకోవచ్చు, మనిషి నంబరు మాత్రం పుట్టినప్పటి నుంచి ఒక్కటే అని చెప్పింది. మేట్రన్ మొహం ఇంకా ముడుచుకునే ఉంది. డాక్టరమ్మ నవ్వి అడిగింది.

"ఈ కంప్యూటర్‌లో నేను ఇద్దరిని. ఈవిడా ఇద్దరే. మీరు ఎంతమంది మేట్రన్ గారూ?"

మేట్రన్ ఆలోచించింది. ఆమె పెళ్లి చేసుకోలేదు.

"నేనొక్కదాన్నే. మా నాయన కార్డే."

"చూశారా. ఒక్క మనిషిగా ఉండాలంటే పెళ్లి మానుకోవాలన్న మాట."

మేట్రన్ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్విన నవ్వు, ఆపరేషన్ గది దాకా వినిపించింది. ఆ తర్వాత ఆ పనిని ఆమె తనదే చేసుకుంది.

ఇద్దరిని ఒక్కరిని చెయ్యాలంటే ఎవరికి ఎవరో తెలియాలి. అది కంప్యూటర్ చెప్పలేదు, ఆడవాళ్లే చెప్పాలి. ఆ చలికాలమంతా మేట్రన్ ఓపీ దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది. వచ్చిన ప్రతి ఆడమనిషినీ ఆపేది.

"ఒలే, నీ పుట్టిల్లెక్కడ? అయ్య పేరు సెప్పు. అప్పుడు పెద్ద ఎవరు, అయ్యా, తాతా?"

నిశ్శబ్దంగా ఉండే ఓపీ వరండా జాతర అయిపోయింది. పుట్టిల్లు అడిగితే ఆడవాళ్లు ఒక్క మాటలో చెబుతారా? మా ఇంటి వెనక పనసచెట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టేవాళ్లు. కోటబొమ్మాళి నుంచి వచ్చినామె తన ఊరి పేరు చెబితే, లైన్లో వెనకున్నామె, అయితే నువ్వు ఫలానా వాళ్ల పెద్దమ్మాయివి కదూ అని పట్టుకునేది. దూరమైపోయిన చిన్నప్పటి నేస్తాలు ఇద్దరు మా వరండాలో కలుసుకుని, వచ్చిన జ్వరం సంగతి మరిచిపోయి బస్సెక్కేశారు. మేట్రనే ఆటో ఎక్కి వెళ్లి బస్టాండులో మాత్రలు ఇచ్చి వచ్చింది.

ఇంతలో తీరపు అమ్మాయికి కాన్పయింది. ఆడపిల్ల. చక్కటి బరువు, మంచి ఏడుపు. మేట్రన్ మా గదికి కోవా పంపింది.

మేం లోపల ఇంకో కంప్యూటర్ మీద, అసలు డేటాబేస్‌కి కాపీ తీసుకుని సాధన చేస్తున్నాం. ఒకరోజు ఇచ్ఛాపురం అబ్బాయి ఇంటిపెద్ద కాలమ్ తీసెయ్యమని ఆజ్ఞ ఇచ్చాడు. డేటాబేస్ ఒప్పుకోలేదు. దీని మీద వేరేవి ఆధారపడి ఉన్నాయి, కుదరదు అంది.

"వదల్దటక్కా," అన్నాడు. "ఒక్క మాట కలిపితే వదులుతాది. క్యాస్కేడ్ అని."

"అంటే?"

"దాన్ని పట్టుకుని ఉన్న ముళ్లన్నీ అదే తెంపుకుంటాది. మనకి కష్టముండదు."

"కాపీయే కదా. కానియ్యి," అన్నాను.

కలిపాడు. కన్ను మూసి తెరిచేలోపు కాలమ్ పోయింది. వాడు నా వైపు తిరిగి చేతులు దులుపుకున్నాడు. ఈ కాస్త పనికి ఇన్నాళ్లా అన్నట్టు.

"బాగుంది. ఇప్పుడు తీరం అమ్మాయి రక్తపరీక్ష చూపించు."

వెతికాడు. పరీక్షలు అన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. ఒక్కొక్క దాని పక్కన పాత ఇంటిపెద్ద నంబరు కూడా ఉంది. కానీ ఆ నంబరుతో పోల్చి చూడటానికి రోగుల పట్టికలో ఏమీ మిగల్లేదు. రక్తం ఉంది, ఎవరిదో తెలియదు. మందు ఉంది, ఎవరు మింగారో తెలియదు. వాడు తల గోక్కున్నాడు.

"అందరూ దిక్కులేనోళ్లయిపోయినారక్కా."

"కాపీలో కదా. పర్వాలేదు, టీ తాగుదాం పద."

ఆ తర్వాత వాడే పద్ధతి ప్రకారం వరస రాశాడు. ముందు ప్రతి మనిషికీ సొంత నంబరు ఇవ్వాలి, మేట్రన్ ఒకరేనని తేల్చిన ఇద్దరికీ ఒకటే నంబరు. పరీక్షలు, మందులు, కాన్పుల పట్టికల్లో పాత అంకెల పక్కనే ఆ కొత్త నంబరు రాయాలి. కొత్త నంబరుకి కొత్త ముళ్లు వెయ్యాలి. సరిచూసుకోవాలి. అప్పుడు పాత ముళ్లు ఒక్కొక్కటీ మన చేత్తో విప్పాలి. అన్నిటికన్నా చివర కాలమ్ తియ్యాలి. పిల్లలూ, ఈ సాంకేతికం ఇంతే. ఇంకేమీ లేదు. కొత్త చెయ్యి పట్టుకున్నాకే పాత చెయ్యి వదలడం.

ఓపీ ఉండని ఆదివారం ఎంచుకున్నాం. వార్డులో ఉన్నవాళ్లకు ఆ ఒక్క రోజూ కాగితం మీద రాసుకోవాలని నర్సులకు చెప్పాం. పొద్దున ఆరాధన ముగిసిన వెంటనే మేట్రన్ తెల్లచీర మీదే, జీడిపప్పు ఉప్మా గిన్నెతో మా గదికి వచ్చేసింది. డాక్టరమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడి, మీరేం చేస్తున్నారో నాకు అర్థం కాదు గానీ ఇక్కడ ఉంటాను అంది. ముందు బ్యాకప్ తీశాం. తీసినది తెరుచుకుంటోందో లేదో కూడా చూశాం. కొత్త నంబర్లు పడ్డాయి, కొత్త ముళ్లు పడ్డాయి, లెక్కలు సరిపోయాయి. పాత ముళ్లు మూడూ విప్పాం. నేను కీబోర్డు వాడి వైపు జరిపాను.

"నువ్వే కొట్టు."

వాడు చెమట తుడుచుకుని కొట్టాడు. డేటాబేస్ కుదరదంది. దీని మీద ఇంకా ఏదో ఆధారపడి ఉంది అంది.

ముగ్గురం ఒకేసారి తెర మీదికి వంగాం. సాధన చేసినప్పుడు మూడే. ఇప్పుడు నాలుగో పేరు కనబడుతోంది. పాపలు.

"ఇదేటి?" అన్నాను. అలాంటి పట్టిక నేనెప్పుడూ చూడలేదు. వాడి మొహం ఉప్మా గిన్నెలోకి దిగిపోయింది. మేట్రన్ కొంగు సర్దుకుంది.

"అది నాది," అంది.

మా ఆసుపత్రిలో పుట్టిన బిడ్డలకు తొమ్మిదో నెలలో వెయ్యాల్సిన తట్టు టీకాకి తల్లులు రావడం మానేస్తున్నారని మేట్రన్‌కి బెంగ. ఎవరికి ఎప్పుడు తొమ్మిది నెలలు నిండుతాయో గుర్తుచేసే ఏర్పాటు ఏదైనా చెయ్యమని మా వాణ్ని అడిగింది. వాడు మధ్యాహ్నం టీ వేళల్లో చేసిపెట్టాడు. ఆ పట్టిక ప్రకారమే ఆమె ప్రతివారం ఇళ్లకు పోస్టుకార్డులు రాస్తోంది. పోస్టుకార్డు వెళ్లేది తండ్రి పేరు మీద కాబట్టి, బిడ్డల్ని ఇంటిపెద్ద నంబరుకే కట్టాడు. అదంతా మేం కాపీ తీసుకున్న తర్వాత జరిగింది. అందుకే సాధనలో కనబడలేదు.

"మరిసిపోయానక్కా," అన్నాడు వాడు. "టీ వేళ అరగంట పనే కదా అని ఎక్కడా రాసిపెట్టుకోలేదు."

నాకు కోపం రాలేదు. కానీ వాడు క్యాస్కేడ్ అనే ఆ ఒక్క మాట కలిపి కొట్టి ఉంటే, మిషన్ మారుమాట్లాడకుండా ఆ బిడ్డలందర్నీ వదిలేసేది. వచ్చే వారం ఏ పోస్టుకార్డు ఎవరికి వెళ్లాలో మేట్రన్‌కి తెలిసేది కాదు. కుదరదు అని మొండికేసిన డేటాబేస్ మీద నాకు ఆ పూట, మా అత్తగారి మీద కూడా ఎప్పుడూ కలగనంత గౌరవం కలిగింది.

"ఇప్పుడు బిడ్డల్ని ఎవరికి కట్టమంటారు?" అని వాడు మేట్రన్‌ని అడిగాడు.

"తల్లికే కట్టు బావూ. తండ్రి గుజరాత్‌లో ఉంటే నా కార్డు సదివి ఏటి సేత్తాడు? సూది ఏయించడానికి ఎత్తుకొచ్చేది తల్లే కదా."

కుటుంబ కార్డు తీసేస్తారా అని వానాకాలంలో మా మీద విరుచుకుపడింది ఆమేనని ఎవరమూ గుర్తు చెయ్యలేదు. కాన్పుల పట్టికలో ఏ బిడ్డకు ఏ తల్లో ఉంది కాబట్టి కట్టడం తేలికే. అయినా కళ్లతో ఒకసారి సరిచూద్దామన్నాను. వాడు తల్లి పేరు చదవడం, మేట్రన్ అవును అనడం. కానీ ఆమె ఉత్త అవును ఎక్కడంటుంది? ఈడు తలకి బదులు కాళ్లతో బయటికొచ్చాడు. దీని అయ్య బిడ్డని సూసి సంతోసానికి సైకిలెక్కడ పెట్టాడో మరిసిపోయాడు. ఈ కవలల్లో ముందు పుట్టింది ఆడదే, కావాలంటే అడుగు. డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమెకీ ఒక్కో కాన్పు గుర్తొస్తోంది. ఇద్దరూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ నవ్వుతుంటే, మా వాడు ఆశ్చర్యంగా వింటూ చదవడం ఆపేసేవాడు. నేను కానియ్యి అనేదాన్ని. ఎండ కిటికీలోంచి గోడ మీదికి, గోడ మీద నుంచి బయటికి పోయింది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను అంత నెమ్మదిగా, అంత సంతోషంగా చేసిన పని మరొకటి లేదు.

ఆఖరి బిడ్డ తల్లికి ముడిపడ్డాక, నాలుగో పాత ముడి విప్పి, వాడు మళ్లీ ఆజ్ఞ కొట్టాడు. ఈసారి డేటాబేస్ ఏమీ అనలేదు. తర్వాతి ఆజ్ఞ కోసం ఖాళీ లైను చూపించి ఊరుకుంది. ఇంటిపెద్ద కాలమ్ లేదు.

తీరం అమ్మాయి పేరు కొట్టాను. ఒక్కతే వచ్చింది. ఆమె కింద రెండు కాన్పులు, ఒక దాని కింద ఒకటి. తాత కార్డు మీద ఇచ్చిన ఇంజక్షన్, మొగుడింటి నుంచి వచ్చి చేయించుకున్న పరీక్షలు, అన్నీ ఒకే చోట ఉన్నాయి. డాక్టరమ్మ ఒకసారి చదివింది. మేట్రన్ తెర మీద వేలు పెట్టి, పై నుంచి కింది దాకా జరుపుతూ చదివింది. తర్వాత నలుగురం చల్లారిన ఉప్మా తిన్నాం.

సోమవారం పొద్దున కార్డుల బల్ల దగ్గర నేనే కూర్చున్నాను. కొత్త పద్ధతి ఎలా నడుస్తుందో చూడాలని. ఉద్దానం పల్లె నుంచి మొదటి బస్సులో వచ్చిన ముసలి దంపతులు ముందుకొచ్చారు. ఆవిడ ముందు, ఆయన వెనక. ఆవిడ నన్ను చూసి, నేను అడగకముందే పక్కకు తప్పుకుంది.

"ఉండమ్మా, పేరు ఆయన సెప్తాడు. నేను పలకకూడదు కదా."

ఇన్నేళ్లూ మా కార్డు కోసం ఎందరు ముసలమ్మలు భర్త పేరు నోటితో అనలేక, పక్కవాళ్ల చేత చెప్పించారో నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"ఆయన పేరు అక్కర్లేదు మామ్మా. నీ పేరు చెప్పు."

ఆవిడ వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది, మళ్లీ నన్ను చూసింది. మెల్లగా చెప్పింది. నేను వినబడలేదన్నాను. ఈసారి ఇంటిపేరుతో సహా, వరండాలో అందరికీ వినబడేలా చెప్పింది. కార్డు రాసి ఇచ్చాను. ఆవిడ దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది.

"ఇందులో నేనొక్కదాన్నేనా?"

"నువ్వొక్కదానివే."

"మరి ఆయనో?"

"ఆయనకి ఆయన కార్డు."

కార్డు బొడ్లో దోపుకుని, అలవాటుగా తన వెనకే నిలబడిన ముసలాయన వైపు తిరిగింది.

"ఎనక్కెల్లి లైన్లో నిలబడు. ఇందులో నువ్వు నేవు."

ఆయన బుద్ధిగా వెళ్లి అందరి చివరా నిలబడ్డాడు. డాక్టరమ్మ గది ఖాళీగానే ఉంది, ఆవిడ లోపలికి వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. బల్ల చివర కూర్చుని, లైన్లో ఆయన ఒక్కో అడుగూ ముందుకు జరగడం చూస్తూ, ఆయన వంతు వచ్చేదాకా అక్కడే ఉంది.